కౌంటరు వెనుకనున్న విద్య

ఏటేట దసరాకు ముందు, 78 దినముల వేతనమునకు సమానమై, గరిష్ఠముగా 17,951 రూపాయలకు మించకుండ రైల్వే ఉద్యోగుల చేతికందుచు వచ్చిన బోనసు మొట్టమొదట ఏ వీధిలో వ్యయమగునో చూడదలచినవారు, సాయంసంధ్యవేళ ఖరగ్‌పూరు గోల్‌బజారునకు వచ్చి, మొబైల్ ఫోనుల దుకాణములముందును, టెలివిజన్లు బారులుబారులుగ వెలుగుచున్న షోరూముల గాజు తలుపులకడను కొంతసేపు నిలువవలెను. వర్క్‌షాపులో పనిచేయు తండ్రియు, పన్నెండవ తరగతి చదువుచున్న కుమారుడును, ఇంటి ఖర్చు లెక్కలు మనసులో వేసికొనుచు వారివెంట వచ్చిన తల్లియు ఒక పలుచని ఫోనుపై వంగి నిలిచియుండగా, వారికెదురుగ కౌంటరు వెనుకనున్న యువకుడు తండ్రితో తెలుగున ధరను, కుమారునితో హిందీలో ప్రాసెసరు సంగతిని, ప్రక్కన వేచియున్న బెంగాలీ వృద్ధునితో ఆయన భాషలో సర్వీసు సెంటరునకు పోవు దారిని, ఏ ఒక్కరికిని విసుగు కనబడనీయక, చెప్పుచుండును.

వీడియో గేములను గూర్చియు, దినదినము మారుచున్న యంత్రపరికరములను గూర్చియు మన పత్రికలలో వ్యాసములకు కొదువ లేదు. అవి బాలుర బుద్ధిని హరించునని వైద్యులును, అవియే రేపటి జీవనాధారములని వ్యాపారులును వాదించుచునే యున్నారు. కాని ఆ వస్తువును పెట్టెలోనుండి తీసి, కొనువాని చేతిలో పెట్టి, ఇది నీకు తగుననియో తగదనియో తొలిమాట పలుకువాని అభిప్రాయమును మాత్రము అడిగినవారు లేరు. దినమునకు పది పండ్రెండు గంటలు ఆ వస్తువులమధ్యనే నిలిచి, వాని బలహీనతలను, వానిని చేసినవారి అతిశయోక్తులను, వానిని కొనువారి భయాశలను కన్నులార చూచువాడు అతడు. అతని మాటకు విలువ నిచ్చుటయు, ఆ మాట నిజముగ చెప్పగల స్వేచ్ఛను అతనికి కల్పించుటయు మన కర్తవ్యమని నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఈ యువకుని పూర్వులు ఇచ్చటికి వచ్చిన కథ తెలియనిదే అతని స్థితి బోధపడదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, హౌరాకును, నాగపూరునకును, మదరాసు దిక్కునకును పోవు మార్గములను ఈ యెఱ్ఱమట్టి నేలపై కలిపి, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఇచ్చట వర్క్‌షాపును నెలకొల్పినపుడు, శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతముల పల్లెలనుండి వేలకొలది తెలుగు కుటుంబములు రైలెక్కి వచ్చి, ఖలాసీలుగ, ఫిట్టర్లుగ, గ్యాంగుమన్లుగ కుదిరి, నింపురాలోను, మథురాకాటిలోను, ఓల్డ్ సెటిల్‌మెంటులోను కంపెనీ క్వార్టర్లయందు కాపురము పెట్టిరి. తెలుగు బడులు వెలసినవి. వేసవి తొలిదినములలో మాతాపూజలు ఘనముగ సాగినవి. తరములు గడచిన పిదప, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషలలో స్థానము కల్పించుటకు అంగీకరించినప్పుడు, ఆ నిర్ణయమునకు ముఖ్యకారణము ఈ ఊరి తెలుగువారేయని అందఱును గుర్తించిరి.

ఆ తొలితరములవారికి పని యొక విద్య. రైలు ఆగగానే చేతి సుత్తితో చక్రమును తట్టి, మ్రోగిన ధ్వనినిబట్టి అందు పగులున్నదో లేదో చెప్పగలవాడు ఏ కళాశాలలోను చదివినవాడు కాడు. ఐనను వేల ప్రయాణికుల ప్రాణములు అతని చెవిపై ఆధారపడియుండెడివి. అట్టివాని మనుమడు నేడు రైల్వే పరీక్షలకు దేశమంతటి అభ్యర్థులతో పోటీపడి, ఒకటి రెండుమార్లు తప్పి, వయోపరిమితి దగ్గరపడుచుండగా, మలంచా దారిలోనో ఇందాలోనో గోల్‌బజారులోనో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణమున చేరుచున్నాడు. "సేల్స్‌లో ఉన్నాడు" అని బంధువులకు చెప్పునపుడు తలిదండ్రుల కంఠము కొంచెము తగ్గుటను నేను పలుమార్లు గమనించితిని. తగ్గవలసిన పని లేదు. తాతకు చెవిలోనున్న విద్య మనుమనికి చేతివ్రేళ్ళలో నున్నది. ఫోనును చేతబట్టిన క్షణముననే దాని బ్యాటరీ ఉబ్బినదా, తెఱ మార్చబడినదా, నీట తడిసినదా యను సంగతులు అతనికి స్ఫురించును.

ఆ విద్యకు మొదటి పాఠశాల ఆటయే. 1990 దశకమున మన దేశపు చిన్నపట్టణములలో వీడియో గేమ్ పార్లర్లు వెలసినవి. చీకటి గదిలో రెండు మూడు నిలువుపెట్టెలు, ఒక్కొక్కదానిముందు అయిదారుగురు బాలురు, ఒకరి చేతిలో నాణెము, తక్కినవారి కన్నులలో ఆశ. జపానుదేశపు క్యాప్‌కామ్ సంస్థ 1993లో విడుదల చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అను ఆటకు ఆ పేరు మన బాలురలో నెవ్వరికిని పట్టలేదు; అందులో పసుపుపచ్చ టోపీ ధరించి ఎగిరి తన్ను పాత్ర పేర ఆ ఆటయే "ముస్తఫా" ఐపోయినది. దేశమున ఏ మూలకు పోయినను ఆ కాలమున బాల్యము గడపినవారికి ఆ పేరు చాలును.

ఇంటిలో ఆడుకొనుటకు వేఱొక సాధనము వచ్చినది. నింటెండో సంస్థ 1983లో జపానున విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటరునకు అనుసరణలై, సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో మన అంగడులకు చేరిన ఆ డబ్బాలలో "9999 ఆటలు" అని వ్రాసిన కార్ట్రిడ్జి పెట్టి చూచినచో, నిజమునకు కొలదిపాటి ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెడివి. ఆ తరము బాలురు పెట్టెమీది అంకెను నమ్మరాదను సంగతిని ఆ కార్ట్రిడ్జివలననే నేర్చిరి. కాంట్రా ఆటలో, పైకి రెండుమార్లు, క్రిందికి రెండుమార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, పిదప బి, ఏ మీటలు నొక్కినచో ముప్పది ప్రాణములు లభించునను రహస్యము పుస్తకమునందు గాని పత్రికయందు గాని చదువక, నోటినుండి నోటికి, క్వార్టరునుండి క్వార్టరునకు వ్యాపించినది. ఆ సంకేతమును కల్పించిన కజుహిసా హషిమోటో, 1985 నాటి గ్రేడియస్ అను ఆటను ఫ్యామిలీ కంప్యూటరునకు అనువుగ మార్చుచు, అది తనకే మిక్కిలి కష్టముగ నుండుటచేత, పరీక్షించుకొనుటకై దానిని పెట్టుకొన్నాడట. ఒక పనివాడు తన పని సులభమగుటకు చేసికొన్న యుక్తి సముద్రములు దాటి వచ్చి మన బాలుర మధ్య ఉమ్మడి సంపదయైనది. విద్య ఇట్లు చేతులు మారుటలో ఆనందము కలదు. ఆ ఆనందమును రుచిచూచినవారే పెరిగి పెద్దవారై, తమకు తెలిసినదానిని దాచుకొనక కొనువానికి చెప్పు విక్రేతలైరని నా అభిప్రాయము.

పాత టీవీ పాడై క్రొత్తది కొనుటకు వచ్చిన ఒక వృద్ధురాలికిని, కౌంటరు వెనుకనున్న కుఱ్ఱవానికిని నడచిన సంభాషణ నా చెవిని బడినది.

"ఏటి బాబూ, మావోడి పాత ఆట డబ్బా ఈ కొత్త టీవీకి పని సేస్తాదా?"

"డబ్బా పని సేస్తాది పెద్దమ్మా. గానీ దాంతో ఒక తుపాకీ వచ్చింది సూడు, అది మటుకు పేల్దు."

"అదేటి? టీవీయే కదా?"

"టీవీయే గానీ లోపల రకం మారిపోనాది. నువ్వు కూకో, సెప్తాను."

అతడు చెప్పిన కారణము అక్షరాల సత్యము. డక్ హంట్ అను ఆటలో మీట నొక్కిన క్షణమున తెఱ యంతయు ఒక్కసారి నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రమే తెల్లని చతురస్రము మెఱయును. తుపాకి కొనయందలి కాంతిగ్రాహకము ఆ మెఱుపును చూచినచో గుఱి తగిలినట్లు లెక్క. తుపాకినుండి వెలువడునది ఏదియు లేదు. తుపాకియే తెఱను చూచును. పూర్వపు గాజుగొట్టపు టెలివిజనులో సంకేతము వచ్చినది వచ్చినట్లే తెఱపై గీతలుగీతలుగ వెలుగును గనుక ఆ లెక్క సరిపోయెడిది. నేటి పలుచని టీవీ, వచ్చిన చిత్రమును ఒకింత సేపు తనలో సవరించుకొని మఱి చూపును. ఆ ఆలస్యము మన కంటికి తెలియదు గాని తుపాకికి తెలియును. తెలుపు మెఱయునప్పటికి దాని నిరీక్షణ ముగిసిపోవును. ఇంత సంగతిని ఆ కుఱ్ఱవాడు పెద్దమ్మకు బోధపడు మాటలలో చెప్పి, తుపాకి బాగుచేయింతునని ఎవరైన సొమ్మడిగినచో ఈయవద్దని హెచ్చరించి పంపెను. ఆ మాటవలన అతనికి కమిషను రాలేదు. ఖరగ్‌పూరు ఐఐటీ తరగతి గదిలో చెప్పదగిన పాఠమొకటి, ఆ ఊరిలోనే, అద్దపు బల్లపై చేయి ఆనించి చెప్పబడినది.

ఐఐటీ మాట వచ్చినది గనుక ఒక సంగతి. 1951లో హిజ్లీ నిర్బంధశిబిర భవనమున ఆరంభమైన ఆ విద్యాలయమున లోహశాస్త్రము చదివి 1993లో పట్టము పుచ్చుకొన్న సుందర్ పిచాయ్, 2013లో ఆండ్రాయిడ్ విభాగపు బాధ్యతను స్వీకరించెను. గోల్‌బజారులో అమ్ముడగు ఫోనులలో మిక్కిలి భాగము ఆ ఆండ్రాయిడ్‌తోనే నడచును. హైదరాబాదున పుట్టి 2014లో మైక్రోసాఫ్ట్ అధినేతయైన తెలుగువాడు సత్య నాదెళ్ళ, ఆ సంవత్సరమే మైన్‌క్రాఫ్ట్ సృష్టికర్తల సంస్థను 250 కోట్ల డాలర్లకును, 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను సుమారు 6,900 కోట్ల డాలర్లకును కొని, వీడియో ఆటల చరిత్రలో అంతటి బేరము వేఱొకటి లేదనిపించెను. వారిని మనము తలచుకొని గర్వించుచున్నాము; గర్వింపదగినదే. కాని ఆ ఆట చివరకు ఒక బాలుని చేతికి చేరు ఘట్టమున నిలిచియుండు మనుష్యుని కూడ అదే వరుసలో తలచుకొన్ననాడే మన గర్వము పూర్ణమగును.

ఇక వస్తువుల మాట. వానిని అమ్మువారి భాషలో అతిశయోక్తి క్రొత్తది కాదు. 1990 దశకపు టేపురికార్డర్ల పెట్టెలపై "పి.ఎం.పి.ఒ." అని పెద్ద అక్షరములతో వేయి వాట్లనియు రెండువేల వాట్లనియు వ్రాసియుండెడిది; కాని నిరంతరముగ ఆ యంత్రము ఈయగల ధ్వనిశక్తి పదో ఇరువదియో వాట్లకు మించెడిది కాదు. ఆ అంకె క్షణమాత్రపు ఊహాశిఖరము; దానిని కొలుచు నిర్ణీతపద్ధతియే లేదు. నేడు ఆ స్థానమున 108 మెగాపిక్సెళ్ళు వచ్చినవి. అట్టి కెమెరాలు సాధారణముగ తొమ్మిదేసి బిందువులను ఒకటిగ కలిపి పండ్రెండు మెగాపిక్సెళ్ళ చిత్రమునే భద్రపరచును; వెలుగు తక్కువగ నున్నపుడు అదియే మేలుకూడ. 128 జీబీ నిల్వగల ఫోనున అంత స్థలము కనబడకుండుటకు, ఆపరేటింగ్ సిస్టము ఆక్రమించు భాగము కొంత కారణము కాగా, తయారీదారు వేయిని వేయిగ లెక్కించుటయు, కొన్ని యంత్రములు 1024గ లెక్కించుటయు మఱికొంత కారణము. "వర్చువల్ ర్యామ్" అని ప్రకటించునది నిల్వస్థలమునుండి కొంత అరువు తెచ్చికొన్నదే గాని అసలు ర్యామ్ వేగము దానికి లేదు. ఈ నాలుగు సంగతులు తెలిసిన విక్రేత చెప్పినచో కొనువానికి నాలుగు వేలు మిగులును. చెప్పనిచో దుకాణమునకు నాలుగు వేలు మిగులును. ప్రతి సాయంకాలమును అతడు ఈ రెంటిమధ్యనే నిలిచియుండును.

అతడు ఎట్టువైపు మ్రొగ్గునో నిర్ణయించునది అతని స్వభావము మాత్రమే యనుకొనుట అన్యాయము. పెద్ద షోరూములలో ఒకే రంగు చొక్కాలు తొడిగి నిలిచిన యువకులలో పలువురు ఆ దుకాణపు ఉద్యోగులు కారు. ఒక్కొక్క కంపెనీ తన సరకు అమ్మించుకొనుటకై నియమించిన ప్రమోటర్లు. వారికి నెలనెల టార్గెట్ కలదు. అది చేరినచో ఇన్సెంటివ్. చేరనిచో మేనేజరు మాటలు. ఫోనుమీద మిగులు లాభము స్వల్పము గనుక, దానితోపాటు అంటగట్టవలసిన టెంపర్డ్ గ్లాసు, కవరు, ఇన్సూరెన్సు, పొడిగించిన వారంటీ అను వానిపైననే యజమాని దృష్టి. 2014లో మోటో జీయు, పిదప షావోమీ ఎంఐ 3యు అంగడికి రాకుండ ఫ్లిప్‌కార్ట్ ద్వారముననే అమ్ముడైనప్పటినుండి, అంగడికి వచ్చి, అన్ని ఫోనులను చేతబట్టి, ఓపికతో అడిగిన ప్రశ్నలన్నిటికి సమాధానము చెప్పించుకొని, ఆ ఎదుటనే తమ ఫోనున ఆన్‌లైను ధర చూచి వెడలిపోవువారు పెరిగిరి. ధర పోల్చుకొనుట కొనువాని హక్కు; కాదనను. కాని ఒకని విద్యను అరగంటసేపు వాడుకొని, ఒక చార్జరైనను అతనివద్ద కొనకపోవుటలో ధర్మమెంత యున్నదో మనము యోచింపవలెను.

వాయిదాల పద్ధతిని గూర్చి మఱికొంత చెప్పవలసియున్నది. ఏలయన మన కుటుంబములను లోలోపల తొలచుచున్నది అదియే. వడ్డీలేని వాయిదా యని గోడలమీద వ్రాయబడియుండును. సున్నవడ్డీ యనునది వాస్తవమున లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టపరచినది. జరుగునదేమనగా, రొక్కముగ ఇచ్చువానికి తగ్గింపదగిన మొత్తమును వాయిదాలవానికి తగ్గింపక, దానినే వడ్డీగ సరిపెట్టుదురు. ఆపైన ప్రాసెసింగ్ ఫీజును, దానిమీద పన్నును వేయుదురు. ఒక్క వాయిదా తప్పినచో చెక్కు తిరిగివచ్చినందులకు రుసుము, ఆలస్యమునకు రుసుము, సిబిల్ స్కోరులో మచ్చ. తండ్రికి బోనసు వచ్చినది. దానిని ముందుగ కట్టి, మిగిలినది పది నెలల వాయిదాలలో కట్టుదమని ముప్పదివేల ఫోను పిల్లవానికి కొనిపెట్టిన ఇంటిలో, ఆరవ నెలలో ఎవరికైన జబ్బుచేసినచో ఏమగునో కౌంటరు వెనుకనున్నవానికి ముందే తెలియును. అట్టి యింటివాడే అతడు కూడ. "అన్నా, పదిహేను వేలది చాలు, చదువుకూ ఆటకూ రెంటికీ సరిపోతాది" అని నెమ్మదిగ చెప్పినవారిని నేనెఱుగుదును. వారిని నేను వ్యాపారము తెలియనివారనను. వారే నిజముగ వ్యాపారము తెలిసినవారు. ఆ కుటుంబము తరువాత ఫ్రిజ్ కొనవలసినపుడు ఇంకొక దుకాణమునకు పోదు.

రొక్కముగ కొన్నను, వాయిదాలపై కొన్నను, బిల్లు అడుగుట మఱవరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము బిల్లు ఈయకుండుటను అనుచిత వ్యాపారపద్ధతిగ ఎంచినది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొనకపోవుటయు అట్టిదే. 1915 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు తెలుపవచ్చును.

ఆటలను గూర్చి తలిదండ్రుల భయము 2018 తరువాత తీవ్రమైనది. ఆ ఏటినుండి కొన్ని సంవత్సరములు ప్రతి యువకుడును ఫోనును చేతబట్టి మొదట అడిగిన ప్రశ్న "పబ్జీ నడుస్తదా?" అనునదే. ధర, కెమెరా అన్నియు దాని తరువాతనే. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము నిషేధించిన 118 యాప్‌లలో ఆ ఆటయు ఒకటి. 2021 జూలైలో అదియే బీజీఎంఐ పేర మరల వచ్చినది. ఆ యాట ఆడిన బాలురందఱును చెడిపోయిరనుట నాకు సమ్మతము కాదు. నలుగురు మిత్రులు నాలుగు ఇండ్లనుండి ఒకరికొకరు దారి చెప్పుకొనుచు, గాయపడినవానికొఱకు తక్కినవారు వెనుదిరిగి వచ్చుచు ఆడు ఆటలో సహకారమున్నది, త్వరితనిర్ణయమున్నది, ఓటమిని సహించు శిక్షణయున్నది. ప్రపంచారోగ్యసంస్థ తన రోగవర్గీకరణలో గేమింగ్ డిజార్డరును చేర్చిన మాట నిజమే. ఆ వర్గీకరణ 2022 జనవరి 1నుండి అమలునకు వచ్చినది. కాని ఆటపై అదుపు తప్పుట, తక్కిన జీవితమంతటికంటె ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నను మానలేకుండుట, ఇట్టి స్థితి సాధారణముగ ఒక సంవత్సరమైన సాగుట అను లక్షణములున్నపుడే దానిని రోగమనవలెనని అదే సంస్థ చెప్పుచున్నది. పరీక్ష ముగిసిన వారమున రెండు గంటలు ఎక్కువ ఆడిన బాలుని రోగి యనుట తగదు.

డబ్బుపెట్టి ఆడునది వేఱు; దానిని నేను ఆట యనజాలను. రమ్మియని, క్రికెట్ జోస్యమని, రంగుల పందెమని ఫోనులో దూరి, జీతము పడిన రాత్రియే సగము జీతమును మ్రింగు యాప్‌లు ఎన్ని యిండ్లను కూల్చినవో రైల్వే క్వార్టర్లలో నున్నవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను అట్టివానిని నిషేధించినవి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్రచట్టము, ఈ-స్పోర్ట్స్‌ను, సామాజిక క్రీడలను ఒకవైపును, సొమ్ము ఒడ్డు ఆటలను రెండవవైపును విడదీసి, ఈ రెండవవానిని, వాని ప్రకటనలను, వానికై జరుగు చెల్లింపులను దేశమంతట నిషేధించినది. ఇది మేలైన విభజన. చట్టము వచ్చుటకు ఎన్నో యేండ్లు పూర్వమే ఈ విభజనను పాటించినవాడు మన దుకాణపు కుఱ్ఱవాడు. భర్త ఫోను తెచ్చి, "ఇందులో ఏటున్నాదో సూసి తీసీ తమ్ముడూ" అని కంట నీరు పెట్టుకొన్న ఇల్లాలికి, ఆ యాప్‌ను తొలగించి, యూపీఐ చెల్లింపులకు పరిమితి నిర్ణయించుట నేర్పి, పిల్లల ఆటకు గంటలు నియమించు సదుపాయము ఎచ్చటనున్నదో చూపి పంపినవాడు అతడే. ఆ పనికి ఏ బిల్లును లేదు.

ఇట్టివాని శ్రమకు మనమిచ్చు ప్రతిఫలమేమి? అతనికి నియామకపత్రము చాలచోట్ల లేదు. పూజాదినములలో రాత్రి పది దాటినను సెలవు లేదు. కూర్చొనుటకు బల్ల లేదు. కొనువాడు లోనికి రాగానే నిలిచియుండవలెనను నియమము, ఎవ్వరును రానపుడు కూడ నిలిచియేయుండవలెనను నియమముగ మారినది; ఇరువదియైదేండ్లకే మోకాళ్ళు నొప్పులనియు, కాళ్ళ నరములు ఉబ్బినవనియు చెప్పువారు ఈ వృత్తిలో కలరు. కోజికోడులోని వస్త్రదుకాణములలో పనిచేయు స్త్రీలు ఈ కష్టముపైననే ఏండ్లతరబడి పోరాడగా, కేరళ ప్రభుత్వము 2018లో దుకాణముల చట్టమును సవరించి కూర్చొను హక్కును కల్పించినది. 2021లో తమిళనాడు అదే దారిని నడచినది. 1963 నాటి పశ్చిమ బెంగాల్ దుకాణముల చట్టము దుకాణపు ఉద్యోగికి వారమునకు ఒకటిన్నర దినము విశ్రాంతి నిర్దేశించినది. అంత విశ్రాంతి నిజముగ దొరకుచున్నవారిని ఖరగ్‌పూరు మొబైల్ దుకాణములలో వెదకి చూడుడు.

ఈ హక్కులడుగుట ఈ ఊరికి క్రొత్త కాదు. తరువాతికాలమున రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరి, 1920 దశకమున బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకులలో నొకరై, 1927 నాటి ఖరగ్‌పూరు సమ్మెకాలమున ఉద్యోగములు కోల్పోవుచున్న వర్క్‌షాపు పనివారి పక్షమున నిలిచిన చరిత్ర ఇచ్చటి తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. ఆ పోరాటములవలన తాత సంపాదించినవి ఎనిమిది గంటల పని, సెలవు, వైద్యము, పింఛను, క్వార్టరు. అవి యేవియు మనుమని కౌంటరువఱకు నడచిరాలేదు. వర్క్‌షాపులో వేయిమంది ఒక్కచోట పనిచేసిరి గనుక సంఘము కట్టుట వారికి సాధ్యమైనది; దుకాణమునకు నలుగురు చొప్పున చెదరియున్నవారిని కూర్చువారెవరు? ఆంధ్రసంఘములు మాతాపూజకును, ఉగాదికిని చందాలు వసూలుచేయగలవు, కల్యాణమండపములు కట్టగలవు. ఊరిలో దుకాణములయందు పనిచేయుచున్న మన యువకుల పేర్లు వ్రాసికొని, నియామకపత్రము, ఇ.ఎస్.ఐ., భవిష్యనిధి ఎవరెవరికి రావలెనో విచారించి, కార్మికశాఖ కార్యాలయమునకు వారితోకూడ నడచివెళ్ళుట వానికి అసాధ్యమైన పని కాదు. యజమానులలోను మనవారు కలరు. ముందుగ వారు తమ కౌంటర్ల వెనుక ఒక్కొక్క స్టూలు వేయింపవచ్చును. దానికి ఏ చట్టము కొఱకును వేచియుండనక్కఱలేదు.